స్వీడన్ పూలగుడ్డల పునఃసృష్టి

దీర్ఘములైన శీతకాలములకు పేరుపడిన స్వీడన్ దేశమున, పదునెనిమిదవ శతాబ్దిలో, స్త్రీల బిగుతు రవికలమీదను, దూది కూర్చి కుట్టిన లోపావడలమీదను, తలగుడ్డలమీదను, మంచపు తెరలమీదను ఎఱ్ఱని పూలును, నీలి యాకులును, సన్నని గోధుమరంగు తీగెలును విరియసాగెను. ఆ దేశస్థులు కత్తూన్ అని పిలుచు ఈ అద్దకపు నూలుగుడ్డలు నేడు స్టాక్‌హోమ్ నగరమందలి నోర్డిస్కా మ్యూజియమునను, జిల్లాల ప్రదర్శనశాలలయందును, పాత కుటుంబముల పెట్టెలయందును పీలికలుగాను, చిరిగిన వస్త్రములుగాను మిగిలియున్నవి. వాటిని ఆధారముగా చేసికొని, అట్టి గుడ్డలనే మరల నేయించి, అద్దించి, నేటివారు ధరించుటకు వీలుగా సిద్ధపఱచు ప్రయత్నము ఆ దేశమున చాలకాలముగా సాగుచున్నది. పైకి చూచువారికి ఇది నకలు తీయు పనివలె కనబడును. పాతబొమ్మను ఫొటో తీసి, యంత్రమున కెక్కించి, కొత్తగుడ్డపై ముద్రించిన చాలునని తోచును. కాని ఆ పనిలో చేయిపెట్టినవారికి మొట్టమొదట తెలిసివచ్చు సంగతి యేమనగా, పాతగుడ్డపై నేడు కనబడునది ఆనాడు అద్దినది కాదు. కొన్ని రంగులు వెలిసిపోయినవి. కొన్ని రంగులు తమకు నెలవైన దారమునే తినివేసినవి. మరికొన్ని మాత్రమే తొలినాటి నిగ్గుతో నిలిచియున్నవి. కావున కంటికి కనబడు రూపమును గాక, ఆ రూపమునకు మూలమైన కారణమును పట్టుకొన్నగాని ఆ పువ్వును మరల పూయించుట సాధ్యము కాదు.

పీలిక పలుకు సాక్ష్యము

అట్టి పీలిక నొకదానిని భూతద్దము క్రింద నుంచి నిదానముగా పరిశీలించినచో, ఒక్క పువ్వులో పలువురి చేతిపని బయటపడును. పూరేకుల అంచులయందు వరుసగా పొడిచినట్లు సన్నని చుక్కలుండును. అవి కఱ్ఱతో చెక్కిన అచ్చుదిమ్మెయందు దిగగొట్టిన ఇత్తడి సూదులు విడిచిన ముద్రలు. అంత సన్నని చుక్కను కఱ్ఱలోనే చెక్కినయెడల అది కొలది దెబ్బలకే విరిగిపోవును గనుక, చుక్కలకును సన్నగీతలకును ఇత్తడిని వాడి, వెడల్పయిన భాగములకు రంగును చక్కగా పీల్చి విడుచు ఉన్నిగుడ్డను దిమ్మెలో పొదిగెడివారు. రేకులలో ముదురెఱుపు ఒకటియు, లేతగులాబి ఒకటియు కనబడును; ఆ రెండును వేర్వేరు దిమ్మెలతో అద్దినవి. ఆకుల తీరు మాత్రము వేరు. వాటిలోని నీలము ఒకచోట గీటు దాటి బయటికి పొరలియుండును. వేరొకచోట గీటును చేరకయే ఆగియుండును. రెండు కుంచెపూతలు కలిసినచోట చిక్కబడియుండును. అనగా నీలమును దిమ్మెతో అద్దలేదు. కుంచెతో, అదియును మిక్కిలి తొందరగా, పూసిరి. ఆ తొందరకు కారణము చేతిలో నేర్పు చాలకపోవుట కాదు, ఆ రంగుయొక్క స్వభావము. దానిని ముందు వివరింతును.

ఇంకను సూక్ష్మముగా చూచినచో, పువ్వుచుట్టును నల్లని గీటు ఉండవలసిన చోట గీటు లేకపోవుటయే గాక, కొన్నియెడల గుడ్డయే లేకపోవుట గమనింపవచ్చును. పూరేకు వంపు ననుసరించి సన్నని రంధ్రములు వరుసతీరి యుండును. నల్లరంగును పట్టి నిలిపిన ఇనుము, గాలియందలి ఆక్సిజను, తేమ, ఈ మూడును కూడి ఏండ్లతరబడి దారమునందలి సెల్యులోజును కొంచెము కొంచెముగా తెగగొట్టుటచేత, ఆ గీటు తనతోబాటు గుడ్డనుకూడ తీసికొని పొడియై రాలిపోయినది. అచ్చట నేడు రంగును లేదు, దారమును లేదు. ఐనను అచ్చట ఇనుముతో నిలిపిన నలుపు ఉండెననుటకు ఆ రంధ్రముకంటె బలమైన సాక్ష్యము మరియొకటి అక్కఱలేదు. ఆ పీలికకే లోపలికి మడిచి కుట్టిన అంచు సందులోనికి చూచినచో మరియొక వింత కనబడును: పైన నీలముగా నున్న ఆకు అచ్చట చక్కని పచ్చదనముతో నిగనిగలాడుచుండును. ఆనాటి అద్దకపువారికి ఒకే మాఱుగా పచ్చరంగునిచ్చు పదార్థము లేనందున, నీలముపై పసుపుపూత వేసి ఆకుపచ్చను సాధించిరి. వెల్డ్ అను మొక్కనుండి తీసిన ఆ పసుపు ఎండకు ఓర్వలేనిది. అది వెలిసిపోగా మొండి నీలము మాత్రము మిగిలినది. ప్రదర్శనశాలలలోని పాతగుడ్డలపై నీలియాకులు అంత విరివిగా కనబడుటకు చిత్రకారుని ఊహకంటె వెలుతురే పెక్కుమాఱులు కారణము.

అందుచేతనే చీకటిలో దాగిన గుడ్డముక్కకు ఈ విద్యయందు అంత విలువ. ఉప్సాలా విశ్వవిద్యాలయమున 1741లో ఆర్థికశాస్త్ర పీఠము నలంకరించిన ఆండర్స్ బెర్క్ అను పండితుడు, వస్త్రపరిశ్రమను విద్యార్థులకు ప్రత్యక్షముగా బోధింపదలచి, పట్టు, ఉన్ని, నార, నూలు మొదలగు నానావిధ వస్త్రముల మచ్చులను సేకరించెను. ఆ మచ్చులు నేడు నోర్డిస్కా మ్యూజియమున భద్రముగా నున్నవి. ఎవ్వరును ధరింపనివి, ఉతకనివి, కాగితముల నడుమ ఎండ సోకక దాగినవి అగుటచేత, ఆ చిన్నముక్కలు ఆనాటి రంగుల నిజస్థితిని తెలిసికొనుటకు గొప్ప ప్రమాణములైనవి. పాఠము చెప్పుటకై కూర్చిన సామగ్రి రెండున్నర శతాబ్దుల తరువాత తిరిగి పాఠమే చెప్పుచుండుట ఆ ఆచార్యుని దూరదృష్టికి తగిన ఫలమని నా తలంపు.

కోరమండలము నుండి సిక్లా వరకు

ఈ పూలకు పుట్టినిల్లు స్వీడన్ కాదు, మన తూర్పుతీరము. పదునేడవ శతాబ్ది తొలి దినములయందే డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును మచిలీపట్నమున వర్తకస్థానములు నెలకొల్పుకొని, ఈ తీరమున తయారగు అద్దకపు గుడ్డలను, కలముతో వ్రాసిన గుడ్డలను ఓడల కెత్తించిరి. నిజాంపట్నపు ప్రాంతములందలి ఇసుకనేలలలో దొరకు చిరివేరు, ఎఱుపునకు సాటిలేనిదని పేరుపొందినది. అంతకుముందు ఐరోపావాసులు గుడ్డపై బొమ్మలు ముద్రింపకపోలేదు. కాని వారి రంగులు గుడ్డపైన అంటియుండునవే గాని గుడ్డలో ఇమిడిపోవునవి కావు, ఉతికినయెడల ఊడిపోవునవి. ఎన్ని ఉతుకులకైనను చెక్కుచెదరని పువ్వును వారు మొదట చూచినది మన గుడ్డలపైననే. ఆ మోజు ఎంతవఱకు పోయెననగా, తమ దేశమందలి ఉన్ని, పట్టు నేతగాండ్ర గగ్గోలు నాలకించి ఫ్రాన్సు ప్రభుత్వము 1686 నుండి 1759 వఱకు అద్దకపు నూలుగుడ్డలను నిషేధించెను. ఇంగ్లండులో 1701లో దిగుమతిపైనను, 1721లో వాడుకపైనను కట్టడులు వచ్చెను. ఆ రెండవ శాసనము 1774 వఱకు తొలగలేదు.

స్వీడన్ ఈ వ్యాపారములోనికి ఆలస్యముగా దిగినది. గోటెబర్గ్ పట్టణమున 1731లో ఏర్పడిన స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ ముఖ్యముగా చీనాలోని కాంటన్ రేవుతో తేయాకు, పింగాణి వ్యాపారము నడిపినను, తొలినాళ్లలో కోరమండల తీరమునుకూడ చేరజూచెను. ఆ కంపెనీకి చెందిన రాణి ఉల్రికా ఎలియోనోరా అను ఓడ 1733లో పరంగిపేట రేవున లంగరు దింపగా, ఈ వర్తకములో కొత్తవారికి చోటీయనొల్లని ఇంగ్లీషువారును, ఫ్రెంచివారును కలిసి అచ్చటి స్వీడిష్ వర్తకస్థానముపై బడి సరకులు పట్టుకొనిరి. ఇట్లు సరకును నేరుగా తెచ్చుకొనుట కష్టమైనను, సరకును చేయు విద్యను తెచ్చుకొనుట సాధ్యమయ్యెను. అంతకుముందే, 1729లో, స్టాక్‌హోమ్ చెంతనున్న సిక్లాయందు స్వీడన్‌లో మొదటి కత్తూన్ అద్దకపు కర్మశాల వెలసియుండెను.

ఆ విద్య ఐరోపాకు చేరిన మార్గములలో కొన్ని తెలుగువారికి ఆసక్తి కలిగింపదగినవి. తెలుగు ఫ్రెంచి సంస్కృత నిఘంటువును కూర్చిన జెసూట్ మతగురువు కూర్దూ, అద్దకపు పనివారినుండి తెలిసికొన్న రహస్యములను 1742లో ఒక లేఖగా స్వదేశమునకు వ్రాసి పంపెను. స్వీడన్ మహాశాస్త్రవేత్త లిన్నేయస్‌వద్ద చదువుకొన్న కోనిగ్ అను వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చి, ఈ తీరమందలి వృక్షజాతులను గాలించి, 1785లో కాకినాడ చెంతగల జగన్నాథపురమున కన్నుమూసెను. అతని మిత్రుడును, సామర్లకోటలో తోటలు వేసి పరిశోధనలు సాగించినవాడును అగు విలియం రాక్స్‌బర్గు, 1795లో వెలువడిన తన కోరమండల వృక్షగ్రంథపు తొలిసంపుటమున చిరివేరు మొక్కను చిత్రించి, దానితో ఎఱుపు వేయు విధానమును వర్ణించెను. లిన్నేయస్ స్వయముగ రంగులిచ్చు మొక్కలపై ఒక సిద్ధాంతవ్యాసమును 1759లో తన పర్యవేక్షణమున వెలువరింపజేసెను. అతనికి మునుపే, 1720లో, యోహాన్ లిండర్ అను వైద్యుడు స్వీడన్‌లో దొరకు మొక్కలతోడనే అద్దకము చేయుటెట్లో తెలుపు గ్రంథము వ్రాసియుండెను. ఇట్లు ఒక దేశపు పనివాని చేతిలోని నేర్పును మరియొక దేశపు శాస్త్రవేత్త కలముతో పట్టుకొనుటకు ప్రయత్నించిన కాలమది.

పటిక, ఇనుము, వేరు

ఇక ఆ నేర్పులోని సారమేమో చూతము. ఐరోపావారు వాడిన మాడర్ వేరు మన మంజిష్ఠకు సోదరజాతి. దాని వేరునందు అలిజరిన్ అను వర్ణద్రవ్యము కలదు. మన చిరివేరునందును ముఖ్యద్రవ్యము అదియే. కాని ఆ వేరును నీటిలో మఱగించి అందులో తెల్లని నూలుగుడ్డను ముంచినంతమాత్రమున గుడ్డ ఎఱ్ఱబడదు. పాలిపోయిన మరక మాత్రమంటి, ఉతుకునకు చాలవఱకు పోవును. అలిజరిన్‌కును నూలునకును స్వభావసిద్ధమైన పొత్తు చాలదు. పొత్తు కుదుర్చుటకు, పెండ్లిపెద్దవలె, ఇరువైపులవారికిని కావలసిన మూడవవాడొకడు నడుమ నిలువవలెను. ఆ మూడవవాడు లోహము. పటికయందలి అల్యూమినియము ఒకవైపు దారమును, మరియొకవైపు అలిజరిన్ అణువును పట్టుకొని, నీటిలోని సున్నపు అంశమునుకూడ కలుపుకొని, నీట కరగని ఎఱ్ఱని సమ్మేళనమును దారముననే కల్పించును. ఇట్లు నడుమ నిలిచి పొత్తు కుదుర్చు లోహపదార్థమునే వర్ణబంధకము అందురు.

ఈ సూత్రమును అద్దకమునకు మలచిన తీరు మానవబుద్ధి సాధించిన చక్కని విజయములలో నొకటి. అద్దకపువాడు దిమ్మెతో గుడ్డపై అద్దునది రంగు కాదు, బంధకము. పటికద్రావణమునకు సీసపు ఎసిటేటును కలిపినచో సీసము తెల్లని మడ్డిగా అడుగున దిగి, అల్యూమినియం ఎసిటేటు పైన నిలుచును; దానికి తుమ్మబంకనో గంజినో చేర్చి చిక్కపఱచి, పువ్వు ఎఱ్ఱగా ఉండవలసిన చోట అద్దుదురు. అదే ద్రావణమును పలుచన చేసి అద్దినచోట లేతగులాబి వచ్చును. పాత ఇనుపముక్కలను పులిసిన బీరులోనో సిర్కాలోనో నానబెట్టి తీసిన ద్రావణమును అద్దినచోట నలుపు వచ్చును. దానిని పలుచన చేసిన ఊదా వచ్చును. ఇనుమును పటికను కలిపి అద్దిన ముదురు గోధుమరంగు వచ్చును. ఈ అద్దకములన్నియు ముగిసిన తరువాత గుడ్డను కొన్నిదినములు గాలికి వ్రేలాడదీసినచో పులుపు ఎగిరిపోయి లోహము దారమున కుదురుకొనును. పిమ్మట గోరువెచ్చని పేడనీటిలో ముంచి, అంటక మిగిలిన బంధకమును, బంకను కడిగివేయుదురు. అప్పటికి గుడ్డపై రంగులేవియు సరిగా కనబడవు. మాసిన తెల్లగుడ్డవలె నుండును. దానిని మాడర్ వేరు వేసిన నీటితొట్టిలో నుంచి మెల్లమెల్లగా వేడిచేయగా, ఒకే తొట్టిలో, ఒకే వేరునుండి, ఎఱుపు, గులాబి, ఊదా, గోధుమ, నలుపు అను అయిదు రంగులును తమతమ స్థానములలో ఒక్కమాఱుగా పొడసూపును. వేడి మితిమీరినచో వేరులోని మట్టిరంగు పదార్థములును దిగివచ్చి ఎఱుపును మసకచేయును. కావుననే మంట ముందు నిలిచినవాని అనుభవము ఇచ్చట మిక్కిలి ముఖ్యము. బంధకము లేని తెల్లని నేలభాగమునకు అంటిన లేతమరకను తవుడు నీటిలో ఉడికించి, పచ్చికపై పఱచి, ఎండకును మంచుకును విడిచి పోగొట్టుదురు.

నీలికథ వేరు. నీలిమందు నీటిలో కరగదు. క్షయకరణము చేసినప్పుడు మాత్రమే అది కరగి దారములోనికి చొచ్చును. గాలి తగిలిన వెంటనే మరల కరగని నీలమగును. తొట్టిలో ముంచి వేయు రంగునకు ఇది అనుకూలమే గాని, దిమ్మెతో అద్దుటకు గొప్ప చిక్కు. దిమ్మె గుడ్డను చేరకముందే రంగు గాలికి బిగిసిపోవును. ఐరోపా పనివారు హరిదళమును, సున్నమును కలిపి ఆ మార్పును కొంచెముసేపు ఆపి, కుంచెతో వడివడిగా పూసెడివారు. పీలికలో నీలము గీటు దాటుటకు, పూతలు ఒకదానిపై నొకటి పడుటకు కారణమిదియే. హరిదళము విషపదార్థమైన పాషాణముతో కూడినది గనుక ఆ కుంచెపని చేసినవారి ఆరోగ్యమునకు జరిగిన హానిని తలచుకొన్నప్పుడు ఆ నీలియాకుల అందముపట్ల మన గౌరవముతోబాటు బాధయు కలుగక మానదు.

స్వీడన్ నేల యిచ్చినవి

ఈ విద్య పరదేశమునుండి వచ్చినదైనను, స్వీడన్ దానిని ఊరక అనుకరింపలేదు. దక్షిణమందలి స్కోనె మండలమున ఆండ్రారుమ్ అను చోట 1637లో ఒక పటిక కర్మాగారము మొదలై 1912 వఱకు నడిచెను. పదునెనిమిదవ శతాబ్ది తొలిభాగమున క్రిస్టీనా పైపర్ అను సమర్థురాలైన ప్రభ్వి చేతిలో అది మిక్కిలి వృద్ధిపొందెను. గంధకమును ఇనుమును కూడిన నల్లని పలకరాతిని కుప్పలుగా పోసి కాల్చి, నీటితో ఊరించి, ఆ నీటిని కాచి, పొటాషియపు క్షారము చేర్చి, చల్లార్చి, పటికస్ఫటికములను తీసెడివారు. ఆ రాతిలో ఇనుము ఉండుటచేత స్ఫటికములను శుద్ధిచేయుట అత్యావశ్యకము. ఇనుము లేశమాత్రము మిగిలినను ఎఱ్ఱనిపూవు నల్లనిఛాయ పట్టును. అద్దకపువానికి పటిక యెంత స్వచ్ఛమో ఎఱుపు అంత నిర్మలము.

రెండవ దానము ఇంతకంటె గొప్పది. అద్దకమునకు ముందును వెనుకను గుడ్డను తెలుపుచేయుటకు వారములకొలది పచ్చికబయళ్లపై ఆరవేయుట ఆనాటి ఆచారము. శీతలదేశములలో ఎండ చాలని నెలలయందు ఆ పని స్తంభించెడిది. ఉప్సాలాలో ఔషధములు కూర్చుచు జీవించిన కార్ల్ విల్‌హెల్మ్ షీలే 1774లో క్లోరిన్ వాయువును కనుగొని, అది మొక్కల రంగులను పోగొట్టునని గుర్తించెను. 1785లో బెర్తొలే అను ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ గుణమును వస్త్రములను తెలుపుచేయుటకు వినియోగించెను. 1799లో టెన్నంట్ అను స్కాట్లండువాడు దానిని సున్నమున ఇమిడ్చి తెలుపుపొడిగా అమ్మకమునకు తెచ్చెను. వారముల పని గంటలకు దిగినది. నేడు పాతగుడ్డ నేలరంగును పోల్చువారు ఈ తేదీలను మఱవరాదు: క్లోరిన్ వాడుకలోనికి రాకముందటి గుడ్డ తెలుపు ఎండతోను పచ్చికతోను వచ్చినది; నేటి రసాయనముల మిరుమిట్లుగొలుపు తెలుపు దానికి సరిపోలదు. పూవును ఎంత చక్కగా అద్దినను నేల మితిమీరి తెల్లనైనచో పాతకాలపు పోలిక రాదు.

ఏ నాటి పువ్వును పూయింపవలెను?

పునఃసృష్టికి పూనుకొన్నవారు మొదట తేల్చుకొనవలసిన ప్రశ్న యిది. 1770 ప్రాంతమున అంగడిలో కొత్తగా మెఱసిన గుడ్డను తయారుచేయవలెనా, లేక నేడు గాజుపెట్టెలో వెలిసియున్న గుడ్డను తయారుచేయవలెనా? ఆకులు పచ్చగా ఉండవలెనా, నీలముగా ఉండవలెనా? చూపరులు నీలియాకులకు అలవాటుపడియున్నందున పచ్చనాకులను చూచి ఇది పాతది కాదని సందేహింపవచ్చును. ఐనను నా యభిప్రాయమున, వస్త్రమును ధరించుటకై చేయునప్పుడు తొలినాటి పచ్చదనమునే ఎన్నుకొనుట న్యాయము. వెలిసినగుడ్డ కాలము చేసిన పని. అద్దకపువాడు చేసిన పని కాదు. కుర్చీల గలీబులకో తెరలకో, పాతసామానుల నడుమ ఒదిగియుండవలసిన గుడ్డకైనచో, వెలిసిన ఛాయ నెన్నుకొనుట తప్పు కాదు. కాని ఏది ఎన్నుకొన్నామో కొనువారికి స్పష్టముగా తెలుపవలెను.

తొలినాటి రంగును తెలిసికొనుటకు నేటి శాస్త్రము చక్కని సాధనములు సమకూర్చినది. ఒక చిన్న పోగునుండి తీసిన రంగును ద్రవవర్ణలేఖనమను విధానమున విడదీసినచో అందలి పదార్థము లొక్కొక్కటియు వేరగును. మాడర్ వేరునందు అలిజరిన్‌తోబాటు పర్ప్యూరిన్ అను ద్రవ్యము విశేషముగా నుండును. చిరివేరునందు అది దాదాపు లేదు. కావున ఒక ఎఱ్ఱనిపువ్వు ఐరోపాలో అద్దినదో, మన తీరమున అద్దినదో ఒక పోగు చెప్పగలదు. గుడ్డను ముట్టుకొనకయే, ఎక్స్ కిరణములతో దానిలోని ఇనుమును గుర్తించి, కంటికి కనబడక చెరిగిన నల్లగీటు నడకను తిరిగి గీయవచ్చును. అతినీలలోహిత కాంతిలో కొన్ని వేరురంగులు నారింజవన్నెతో వెలుగును.

ఇక తయారీలో ఎదురగు చిక్కులు. నేటి అద్దకములలో పెక్కింటికి లోహబంధకముల అవసరము లేదు. 1956లో అమ్మకమునకు వచ్చిన ప్రతిచర్యాశీల రంగులు సెల్యులోజుతో తామే నేరుగా సమయోజనీయ బంధము నేర్పఱచుకొనును. అవి గట్టివి, వాటిలో గుడ్డను తినివేయు ఇనుము లేదు. కాని అలిజరిన్ ఎఱుపునకు పోలికగా రెండుమూడు కొత్తరంగులను కలిపినప్పుడు, పగటివెలుతురులో రెండును ఒకటిగా కనబడినను, దీపపువెలుగులో కొత్తది వేరుఛాయకు తిరుగవచ్చును. కంటికి సమానముగా తోచిన రెండు రంగులు కాంతిలోని వేర్వేరు తరంగములను వేర్వేరు పాళ్లలో తిరిగి పంపుటయే దీనికి హేతువు. అందుచేత జాగ్రత్తపరులు పగటివెలుతురునందును, దీపము క్రిందను, రెండుచోట్లను పోల్చిచూచిన పిమ్మటనే రంగును ఖాయపఱతురు.

రెండవ చిక్కు పొరపాట్లకు సంబంధించినది. దిమ్మె అద్దకమున ఒక్కొక్క ముద్రయు ఇసుమంత జరుగును. రంగు ఒకచోట గీటు దాటును, మరొకచోట దాటదు. ఆ తేడాలవలననే పాతగుడ్డకు జీవకళ. పీలికలోని ఒక్క పువ్వును దాని తప్పుతోసహా గీసి, నేటి జాలిచట్రమునకెక్కించి అద్దినచో, ఆ తప్పే ప్రతి పువ్వునందును అదే స్థానమున పునరావృతమై, పనివాని చేతి జీవకళ యంత్రపు దోషముగా మారును. దీనికి ఉపాయములు రెండు: తప్పును పూర్తిగా సరిదిద్ది శుద్ధమైన గీటును గీయుట, లేదా మూలనమూనా చాల పెద్దదిగా ఉన్నప్పుడు పలుపువ్వులను వేర్వేరుగా గీసి, ఆ తేడాలను సహజముగా చెదరనిచ్చుట. రెండవది శ్రమతో కూడినదే గాని ఫలితము మిన్న. ఇంతేకాక, నేటి యంత్రపుగుడ్డ 140, 150 సెంటీమీటర్ల వెడల్పు గలది. చేతిమగ్గముపై నేసిన పాతగుడ్డ దానికంటె చాల ఇఱుకు. నమూనాను వెడల్పునకు తగినట్లు సాగదీసినచో పూలు పెద్దవై, రవికమీద పట్టవలసిన పువ్వు పట్టక తెగిపోవును. కొలతను ఉన్నదున్నట్లుంచుట యిచ్చట మొదటి నియమము.

మూడవది గుడ్డయొక్క నునుపు. ఆనాటి మేలిరకపు అద్దకములకు గంజిపెట్టి, నున్నని రాతితోనో గాజుతోనో గట్టిగా రుద్ది మెఱుగు తెచ్చెడివారు. ఆ మెఱుగు అలంకారము మాత్రమే కాదు. దుమ్ము అంటకుండ కాపాడి, రంగును లోతుగా కనబఱచును. నూలుదారముకూడ చేతివడుకు గనుక అక్కడక్కడ లావు సన్నములు కలిగి, రంగును ఒకే తీరుగా పీల్చక, వెలుగునీడలను కల్పించెడిది. ఏకరూపమైన నేటి యంత్రపునూలుపై అదే నమూనా అచ్చువేసిన కాగితమువలె చప్పగా తోచుట కిదియే కారణము. కావున నమూనాకంటె ముందు నేలగుడ్డను ఎన్నుకొనుట ఈ పనియందు వివేకము.

ధరించువారును, నేర్చుకొనువారును

ఇంత శ్రమ యెందుకని అడుగవచ్చును. స్వీడన్‌లో ప్రతి మండలమునకును, కొన్నియెడల ప్రతి గ్రామసముదాయమునకును, తనదైన సంప్రదాయ వేషము కలదు. వేసవి నడిమి పండుగకును, పెండ్లిండ్లకును దానిని ధరించు అలవాటు నేటికిని ఉన్నది. ఆర్టుర్ హాజేలియుస్ అను పండితుడు 1872లో డాలార్నా మండలపు పల్లెలలో తిరుగుచు ఇట్టి వస్త్రములు మాసిపోవుచుండుట గమనించి, వాటిని సేకరింప మొదలిడెను. ఆ సేకరణమే 1873లో నేటి నోర్డిస్కా మ్యూజియమునకు మూలమాయెను. 1891లో స్కాన్సెన్ అను ఆరుబయలు ప్రదర్శనశాల వెలసెను. ఆ వెనుక లిల్లీ జికర్‌మన్ అను విదుషి 1899లో చేతిపనుల సంఘమును స్థాపించి, 1914 నుండి 1931 వఱకు దేశమంతట తిరిగి జానపద వస్త్రములను పట్టికకెక్కించి, సుమారు 24,000 ఛాయాచిత్రములు తీయించెను. నేడు ఏ గ్రామపు రవికకు ఏ పువ్వు తగునో ధైర్యముగా చెప్పగలుగుట వారి కష్టఫలము. పాతవస్త్రమును పండుగకు ధరించినచో అది మరి నిలువదు. ధరింపనిచో సంప్రదాయము నిలువదు. చక్కని పునఃసృష్టి ఆ రెండింటిని కాపాడును: పాతది చీకటిలో విశ్రమించును, కొత్తది వెలుతురులో తిరుగును.

ఈ కథలో మన పాలు పూర్వచరిత్రతో ముగిసిపోలేదు. మచిలీపట్నమునను, దాని చెంతనున్న పెడనలోను నేటికిని కరక్కాయ నీటిలో తడిపిన గుడ్డపై పటికతోను, ఇనుపముక్కలు బెల్లముతో ఊరించిన కసిముతోను దిమ్మెలద్ది, మఱుగు నీటిలో ఎఱుపును పొంగించు పనివారు కలరు. షీలేవంటివారి ప్రయోగశాల తెలియకయే ఆ పనివారి పూర్వులు లోహమును వేరును పొత్తుకూర్చిరి. వారి నేర్పును కూర్దూ, రాక్స్‌బర్గు కాగితమున కెక్కించిరి. స్వీడన్‌వారు తమకు అందిన మచ్చులను, పట్టికలను భద్రపఱచుకొని, తాము పోగొట్టుకొన్నదానిని తిరిగి సంపాదించుకొనుచున్నారు. మన పనివారి చేతిలో ఇంకను సజీవముగా నున్న విద్యకు మచ్చులేవి, ఒక్కొక్క దిమ్మెకును పట్టిక యేది, ఏ తొట్టిలో ఏ నీరు, ఎంత వేడి అను లెక్క యేది అని మనము విచారించుకొనవలసియున్నది. ఆరిపోయిన విద్యను పీలికలనుండి వెలికితీయుట ఎంత కష్టమో స్వీడన్ దేశపు అనుభవము స్పష్టముగా తెలుపుచున్నది. పని చేయుచున్న చేతిని అడిగి వ్రాసికొనుట దానికంటె పదిరెట్లు సులభము, నూఱురెట్లు నిర్దుష్టము. ఆ పనికి పూనుకొనుటకు విశ్వవిద్యాలయములును, ప్రదర్శనశాలలును, వస్త్రప్రియులగు గృహస్థులును ఆలస్యము చేయరాదు.